లైనక్స్ ఇన్‌స్టాలేషన్: హార్డ్ డిస్క్‌ను పార్టిషన్ చేసేటప్పుడు పాత డేటా పోకుండా ఏం చేయాలి?

భిలాయ్ టౌన్‌షిప్‌లో ఇంటి చిరునామా చెప్పడానికి మూడు సంగతులు చాలు: సెక్టార్, స్ట్రీట్, క్వార్టర్ నంబర్. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు రెండో తరం, మూడో తరం నడుస్తోంది.

అలాంటి ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉందనుకుందాం. కొని పదేళ్లయింది. 500 జీబీ హార్డ్ డిస్క్. సీ డ్రైవ్‌లో విండోస్ 10 ఉంది. డీ డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, సొంతూళ్లోని పొలం కాగితాల స్కాన్లు, రిటైరైన పెద్దాయన సర్వీసు పత్రాలు ఉన్నాయి. వీటిలో చాలావాటికి మరో కాపీ లేదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న వినియోగదారులకు కూడా భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. పదేళ్ల నాటి యంత్రాల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. యంత్రం బాగానే పని చేస్తున్నా సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లింది. అందుకే సెలవులకు ఇంటికొచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థి ‘లైనక్స్ వేద్దాం’ అంటాడు. ఆ సలహాలో తప్పేమీ లేదు.

ఇన్‌స్టాలేషన్ మొదలయ్యాక కొద్ది నిమిషాలకు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. డిస్క్‌ను పూర్తిగా చెరిపేసి ఇన్‌స్టాల్ చేయాలా, విండోస్ పక్కన చోటు చేసుకోవాలా, లేక పార్టిషన్లను మీరే నిర్ణయిస్తారా? మొదటి ఎంపికతో విండోస్ ఒక్కటే పోదు. డీ డ్రైవ్ కూడా పోతుంది.

భాష, కీబోర్డు, టైమ్‌జోన్, యూజర్ పేరు... ఇన్‌స్టాలేషన్‌లో వీటిని ఎలా ఎంచుకున్నా తర్వాత మార్చుకోవచ్చు. ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి చేయవచ్చు. కొత్తగా వేస్తున్న దానితో సంబంధం లేని పాత డేటాను నాశనం చేయగలిగేది మాత్రం డిస్క్ విభజన దశ ఒక్కటే. కాబట్టి ఆ తెర రాకముందే దాని సంగతులు తెలుసుకోవడం మంచిది.

పార్టిషన్ అంటే ఏమిటి?

హార్డ్ డిస్క్‌లో కూడా సెక్టార్లు ఉంటాయి. డిస్క్ ఒకసారి చదవగల, రాయగల అతి చిన్న ముక్క పేరు సెక్టార్. సంప్రదాయంగా దాని పరిమాణం 512 బైట్లు. 2010 తర్వాత వచ్చిన చాలా డిస్క్‌లు లోపల 4,096 బైట్ల సెక్టార్లు వాడుతున్నాయి. ప్రతి సెక్టార్‌కూ సున్నా నుంచి మొదలయ్యే ఒక వరుస సంఖ్య ఉంటుంది.

‘ఫలానా సెక్టార్ నుంచి ఫలానా సెక్టార్ వరకు ఒక భాగం’ అని గీసిన హద్దే పార్టిషన్. డిస్క్‌లో నిజమైన గోడలేవీ ఉండవు. ఆ హద్దులు రాసి ఉన్న చిన్న పట్టికను పార్టిషన్ టేబుల్ అంటారు. కంప్యూటర్ ఆన్ కాగానే ముందు ఈ పట్టికనే చూసి, ఏ భాగం ఎక్కడుందో తెలుసుకుంటుంది.

హద్దు గీసినంత మాత్రాన అందులో ఫైళ్లు దాచుకోవడం కుదరదు. ప్రతి పార్టిషన్‌లోనూ ఒక ఫైల్ సిస్టమ్ ఉండాలి. ఏ ఫైలు ఎక్కడుంది, దాని పేరేమిటి, దాన్ని ఎవరు తెరవవచ్చు అనే లెక్కంతా ఫైల్ సిస్టమ్ చూసుకుంటుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను వాడుతుంది. లైనక్స్‌లో ఎక్కువగా కనిపించేది ఈఎక్స్‌టీ4. ఒక పార్టిషన్‌లో కొత్త ఫైల్ సిస్టమ్‌ను సృష్టించడాన్నే ఫార్మాట్ చేయడం అంటారు. ఫార్మాట్ చేస్తే అందులోని పాత ఫైళ్ల లెక్క పోతుంది.

ఇక్కడ కొలతల విషయంలో ఒక తికమక ఉంది. డిస్క్ తయారీదారులు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కిస్తారు. విండోస్ 1,024ను మూడుసార్లు గుణించి లెక్కిస్తుంది. అందుకే 500 జీబీ డిస్క్ విండోస్‌లో సుమారు 465 జీబీగా కనిపిస్తుంది. లైనక్స్‌లో కొన్ని సాధనాలు మొదటి పద్ధతిలో, కొన్ని రెండో పద్ధతిలో చూపిస్తాయి. అంకెల్లో తేడా కనిపించగానే డిస్క్‌లో కొంత భాగం పోయిందని కంగారుపడనక్కర్లేదు.

ఎంబీఆర్, జీపీటీ: మీ డిస్క్‌లో ఏది ఉంది?

పార్టిషన్ టేబుల్ రెండు రకాలు. పాతదాని పేరు ఎంబీఆర్. 1983లో ఐబీఎం పీసీల కోసం వచ్చిన డాస్ 2.0తో ఇది మొదలైంది. డిస్క్ మొదటి సెక్టార్‌లోని 512 బైట్లలో 64 బైట్లే ఈ పట్టికకు కేటాయించారు. ఒక్కో పార్టిషన్ వివరాలకు 16 బైట్లు కావాలి. కాబట్టి నాలుగు ప్రైమరీ పార్టిషన్లకే చోటు. అంతకంటే ఎక్కువ కావాలంటే ఆ నాలుగింటిలో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌గా మార్చి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు చేసుకోవాలి. 512 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో దాదాపు 2.2 టీబీకి మించిన చోటును ఎంబీఆర్ గుర్తించలేదు.

కొత్తదాని పేరు జీపీటీ. ఇది యూఈఎఫ్‌ఐ ప్రమాణంలో భాగం. సాధారణంగా 128 పార్టిషన్లకు ఇందులో చోటుంటుంది. పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర కూడా ఉంటుంది. మొదటి పట్టిక పాడైతే నకలు నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. పట్టిక సరిగ్గా ఉందో లేదో సరిచూసుకునే చెక్‌సమ్ కూడా ఉంటుంది.

విండోస్‌లోనే ఇది తెలుసుకోవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ‘డిస్క్ 0’ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని వాల్యూమ్స్ ట్యాబ్‌లో చూస్తే పార్టిషన్ శైలి ఎంబీఆరా, జీపీటీనా అని రాసి ఉంటుంది.

ఎంబీఆర్ ఉన్న పాత యంత్రాల్లో ఒక చిక్కు ఎదురవుతుంది. సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ డ్రైవ్, డీ డ్రైవ్, రికవరీ కలిపి నాలుగు ప్రైమరీ పార్టిషన్లూ అప్పటికే అయిపోయి ఉంటాయి. డిస్క్‌లో 200 జీబీ ఖాళీ చేసినా అక్కడ కొత్త పార్టిషన్ సృష్టించడం కుదరదు. అప్పుడు ఒక పార్టిషన్‌లోని డేటాను బయటి డిస్క్‌కు కాపీ చేసి, దాన్ని తొలగించి, ఆ స్థానంలో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ చేయాలి. జీపీటీ డిస్క్‌లో ఈ సమస్య ఉండదు.

సీ డ్రైవ్, డీ డ్రైవ్ లైనక్స్‌లో ఎందుకు కనిపించవు?

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. సీ, డీ అన్న అక్షరాలు డిస్క్ మీద రాసి ఉండవు. అవి విండోస్ తన వాడుక కోసం పెట్టుకున్న పేర్లు. లైనక్స్ ఇన్‌స్టాలర్‌కు ఆ పేర్లు తెలియవు.

లైనక్స్‌లో మొదటి సాటా డిస్క్‌ను ఎస్‌డీఏ అని, రెండోదాన్ని ఎస్‌డీబీ అని పిలుస్తారు. ఎస్‌డీఏలోని పార్టిషన్లు ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని వరుసగా ఉంటాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలోని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే పేరు ఎన్‌వీఎంఈ0ఎన్1 అని, దాని పార్టిషన్లు పీ1, పీ2 అని కనిపిస్తాయి. ఇన్‌స్టాలేషన్ కోసం పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా ఈ జాబితాలోనే ఒక డిస్క్‌గా ఉంటుంది. బ్యాకప్ కోసం తగిలించిన బయటి హార్డ్ డిస్క్ కూడా అంతే. ఏ డిస్క్‌కు ఏ అక్షరం వస్తుందన్నది ప్రతిసారీ ఒకేలా ఉండకపోవచ్చు.

అందువల్ల పేరును బట్టి కాకుండా పరిమాణం, ఫైల్ సిస్టమ్, లేబుల్ అనే మూడింటిని బట్టి పార్టిషన్‌ను గుర్తించాలి. విండోస్‌లో ఉండగానే డీ డ్రైవ్‌కు ‘ఫొటోలు’ లాంటి అర్థమయ్యే లేబుల్ పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడం తేలిక. బ్యాకప్ పూర్తయిన వెంటనే బయటి హార్డ్ డిస్క్‌ను తీసేయాలి. తగిలించి లేని డిస్క్‌ను ఏ ఇన్‌స్టాలరూ చెరపలేదు.

డ్రైవ్ అక్షరాలు లేకుంటే ఫైళ్లు ఎక్కడ కనిపిస్తాయన్న సందేహం సహజం. లైనక్స్‌లో అన్ని ఫోల్డర్లూ రూట్ అనే ఒకే మూలం నుంచి చెట్టు కొమ్మల్లా విస్తరిస్తాయి. దాని గుర్తు ఏటవాలు గీత (/). ప్రతి పార్టిషన్‌ను ఆ చెట్టులో ఏదో ఒక ఫోల్డర్ దగ్గర అతికిస్తారు. దీన్నే మౌంట్ చేయడం అంటారు. ఆ ఫోల్డర్‌లోకి వెళ్తే ఆ పార్టిషన్‌లోకి వెళ్లినట్టే.

ఈ పద్ధతి లైనక్స్ కంటే పాతది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ తయారవుతున్నప్పుడు మొదటి డిస్క్ నిండిపోయింది. రెండో డిస్క్ తెచ్చి, దాన్ని చెట్టులో ఒక కొమ్మగా చేర్చారు. చోటు చాలనప్పుడు కొత్త డిస్క్‌ను ఒక ఫోల్డర్‌గా కలుపుకునే సౌలభ్యం నేటికీ కొనసాగుతోంది.

లైనక్స్‌కు ఏయే పార్టిషన్లు కావాలి?

తప్పనిసరిగా ఉండాల్సింది రూట్ పార్టిషన్. ఆపరేటింగ్ సిస్టమ్, అప్లికేషన్లు ఇందులోనే ఉంటాయి. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కు కనీసం 25 జీబీ చోటు ఉండాలని దాని తయారీదారులు సూచిస్తున్నారు. లైనక్స్ మింట్ కనీసం 20 జీబీ అంటూనే, సౌకర్యంగా వాడాలంటే 100 జీబీ మంచిదని చెబుతుంది. ఫొటోలు, వీడియోలు వేరే చోట ఉంటే రూట్‌కు 40 నుంచి 50 జీబీ సరిపోతుంది.

రెండోది ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్. యూఈఎఫ్‌ఐ ఉన్న యంత్రాలకు ఇది తప్పనిసరి. ఫ్యాట్32 ఫార్మాట్‌లో చిన్నగా ఉంటుంది. విండోస్ సాధారణంగా దీన్ని 100 ఎంబీతో చేస్తుంది. కంప్యూటర్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాములు ఇందులో ఉంటాయి. విండోస్, లైనక్స్ రెండూ ఒకే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను పంచుకోవచ్చు. అందుకని విండోస్ పక్కన లైనక్స్ వేసేటప్పుడు దీన్ని వాడాలి తప్ప ఫార్మాట్ చేయకూడదు. ఫార్మాట్ చేస్తే సీ డ్రైవ్ చెక్కుచెదరకుండా ఉన్నా విండోస్ మొదలవదు.

మూడోది స్వాప్. ర్యామ్ నిండినప్పుడు అందులోని కొంత సమాచారాన్ని తాత్కాలికంగా డిస్క్ మీద పెట్టే చోటు ఇది. దీనికి ప్రత్యేక పార్టిషన్ ఉండాల్సిన అవసరం ఇప్పుడు తగ్గింది. ఉబుంటు 17.04 నుంచి మామూలు ఇన్‌స్టాలేషన్‌లో స్వాప్ ఒక ఫైలుగానే ఉంటోంది. ఫెడోరా 33 నుంచి ర్యామ్‌లోనే సమాచారాన్ని కుదించి దాచే పద్ధతి వచ్చింది. కంప్యూటర్‌ను హైబర్నేట్ చేయాలనుకుంటే మాత్రం కనీసం ర్యామ్ అంత స్వాప్ పార్టిషన్ ఉండటం మేలు.

నాలుగోది /హోమ్. ఇది తప్పనిసరి కాదు. కానీ ఇంటి కంప్యూటర్‌లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

/హోమ్ వేరుగా ఉంటే లాభమేంటి?

లైనక్స్‌లో ప్రతి యూజర్ సొంత ఫైళ్లు, డెస్క్‌టాప్ సెట్టింగులు /హోమ్ అనే ఫోల్డర్ కింద ఉంటాయి. దాన్ని ప్రత్యేక పార్టిషన్‌లో పెడితే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకచోట, ఇంటివాళ్ల ఫైళ్లు మరోచోట ఉంటాయి.

దీని విలువ రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. సిస్టమ్ పాడైనా, ఉబుంటు వదిలి డెబియన్‌కు మారాలనిపించినా రూట్ పార్టిషన్‌ను మాత్రమే ఫార్మాట్ చేస్తే చాలు. /హోమ్ పార్టిషన్‌ను ఎంచుకుని, మౌంట్ పాయింట్‌గా /హోమ్ అని చెప్పి, ‘ఫార్మాట్’ అన్న గడిలో టిక్ లేకుండా చూసుకోవాలి. పాత యూజర్ పేరే మళ్లీ ఇస్తే ఫైళ్లు ఎక్కడివక్కడే కనిపిస్తాయి.

ఇందులో నష్టం కూడా ఉంది. ఒకసారి గీసిన హద్దును తర్వాత మార్చడం కష్టం. /హోమ్‌లో 60 జీబీ ఖాళీగా ఉన్నా రూట్ నిండిపోతే కొత్త అప్లికేషన్ ఎక్కదు. ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌ను మౌంట్ చేసి ఉండగా కుదించలేం. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ సిస్టమ్ నడిపి చేయాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ను పెంచడమే తప్ప మామూలుగా కుదించడం కుదరదు.

ఈ ఇబ్బందికి రెండు పరిష్కారాలు వచ్చాయి. ఒకటి ఎల్‌వీఎం. ఇందులో పార్టిషన్ల మీద మరో పొర ఉంటుంది. అవసరాన్ని బట్టి భాగాలను పెంచుకోవచ్చు, మరో డిస్క్‌ను కూడా కలుపుకోవచ్చు. రెండోది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్. ఒకే పార్టిషన్‌లో రూట్, /హోమ్‌లను సబ్‌వాల్యూములుగా విడదీస్తుంది. ఖాళీ చోటును రెండూ పంచుకుంటాయి. ఫెడోరా డెస్క్‌టాప్ 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి దీన్నే డిఫాల్ట్‌గా వాడుతోంది. మొదటిసారి లైనక్స్ వేస్తున్నవారికి ఈఎక్స్‌టీ4తో విడివిడి పార్టిషన్లే అర్థం చేసుకోవడానికి తేలిక.

విండోస్‌ను ఉంచి లైనక్స్ వేయాలంటే ముందు ఏం చేయాలి?

భిలాయ్, దుర్గ్ జంట నగరాల్లో ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువ. 1986లో మొదలైన భిలాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, 2016లో ఏర్పాటైన ఐఐటీ భిలాయ్, ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద టెక్నికల్ యూనివర్సిటీ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. కోర్సు కోసం లైనక్స్, ఇతర పనులకు విండోస్ కావాలనుకునే విద్యార్థులు ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ పెట్టుకుంటారు. కంప్యూటర్ పాతదైనా కొత్తదైనా ముందుగా చేయాల్సిన పనులు ఇవి.

మొదటిది బ్యాకప్. పోతే మళ్లీ రానివన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయాలి. కాపీ అయిన ఫైళ్లలో కొన్నిటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. అదే డిస్క్‌లోని మరో పార్టిషన్‌లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు.

రెండోది డిస్క్ ఆరోగ్యం. పదేళ్ల హార్డ్ డిస్క్‌లో కొన్ని సెక్టార్లు పాడై ఉండవచ్చు. డిస్క్ తన స్థితిని తానే నమోదు చేసుకునే స్మార్ట్ అనే వ్యవస్థ ఉంది. లైవ్ పెన్‌డ్రైవ్‌లోని డిస్క్స్ అప్లికేషన్‌లో ఆ వివరాలు చూడవచ్చు. పాడైన సెక్టార్ల సంఖ్య కనిపిస్తే, ఆ డిస్క్‌ను కుదించే ప్రయత్నం మానుకుని, డేటా కాపీ చేసుకుని, కొత్త ఎస్‌ఎస్‌డీలో లైనక్స్ వేసుకోవడం మంచిది.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే విండోస్‌ను షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు. కొంత భాగం నిద్రావస్థలో ఉంటుంది. ఆ స్థితిలో లైనక్స్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌లో రాస్తే ఫైళ్లు దెబ్బతినవచ్చు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో దీన్ని ఆపేయాలి.

నాలుగోది బిట్‌లాకర్. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ వాడేవారికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగులు మారగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే సొంత డేటా సొంతదారుకే అందదు. ఆ కీని ముందుగా కాగితం మీద రాసుకోవాలి.

ఐదోది చోటు చేయడం. విండోస్ పార్టిషన్లను విండోస్‌తోనే కుదించడం సురక్షితం. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ష్రింక్ వాల్యూమ్’ ఇందుకే ఉంది. సీ డ్రైవ్‌లో కదపలేని సిస్టమ్ ఫైళ్లు కొన్ని మధ్యలో ఉండటం వల్ల, 100 జీబీ ఖాళీ ఉన్నా 20 జీబీకి మించి కుదించలేనని అది చెప్పవచ్చు. ఫొటోలు, పత్రాలే ఉన్న డీ డ్రైవ్‌లో ఈ అడ్డంకి తక్కువ. కుదించగా వచ్చిన చోటును ఫార్మాట్ చేయకుండా, ఎవరికీ కేటాయించని ఖాళీగానే వదిలేయాలి. కొత్త డ్రైవ్ అక్షరం ఇవ్వకూడదు.

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఈ పని చేయాలి. కుదిస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ సగం మారి ఆగిపోతుంది.

500 జీబీ డిస్క్‌ను ఎలా పంచాలి?

మొదట చెప్పుకున్న కంప్యూటర్‌నే తీసుకుందాం. జీపీటీ డిస్క్, 8 జీబీ ర్యామ్. విండోస్ లెక్కలో డిస్క్ మొత్తం 465 జీబీ.

ఇప్పుడున్న విభజన ఇది. ఎస్‌డీఏ1: ఈఎఫ్‌ఐ పార్టిషన్, 100 ఎంబీ. ఎస్‌డీఏ2: విండోస్ తన కోసం పక్కన పెట్టుకున్న 16 ఎంబీ. ఎస్‌డీఏ3: సీ డ్రైవ్, సుమారు 200 జీబీ. ఎస్‌డీఏ4: రికవరీ, 1 జీబీ లోపు. ఎస్‌డీఏ5: డీ డ్రైవ్, సుమారు 264 జీబీ. అందులో ఫైళ్లు 110 జీబీ.

డీ డ్రైవ్‌ను 144 జీబీకి కుదిస్తే డిస్క్ చివర 120 జీబీ ఖాళీ వస్తుంది. అందులో ఎస్‌డీఏ6గా 40 జీబీ రూట్, ఎస్‌డీఏ7గా 8 జీబీ స్వాప్, ఎస్‌డీఏ8గా మిగిలిన 72 జీబీ /హోమ్ చేసుకోవచ్చు. రూట్, /హోమ్‌లకు ఈఎక్స్‌టీ4 ఎంచుకోవాలి. ఎస్‌డీఏ1ను ఈఎఫ్‌ఐ పార్టిషన్‌గా చూపించి, ఫార్మాట్ గడిని ఖాళీగా వదలాలి. 2 నుంచి 5 వరకు ఉన్న పార్టిషన్ల జోలికి వెళ్లకూడదు.

ఈ పంపకంలో ఇంకో సౌకర్యం ఉంది. లైనక్స్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదవగలదు, రాయగలదు. కాబట్టి డీ డ్రైవ్‌లోని పెళ్లి ఫొటోలు రెండు వైపుల నుంచీ కనిపిస్తాయి. లైనక్స్ అలవాటయ్యాక విండోస్ అక్కర్లేదనిపిస్తే సీ డ్రైవ్ 200 జీబీని తర్వాత తీరిగ్గా వాడుకోవచ్చు.

విండోస్ అసలే వద్దనుకునేవారు బ్యాకప్‌ను సరిచూసుకుని, బయటి డిస్క్ తీసేశాక డిస్క్ మొత్తం చెరిపే ఎంపికను నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆ ఎంపిక ప్రమాదకరమయ్యేది కాపీ లేని డేటా డిస్క్‌లో ఉన్నప్పుడే.

ల్యాప్‌టాప్ బయట తిరిగేదైతే లైనక్స్ భాగాన్ని లక్స్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసుకునే వీలు ఇన్‌స్టాలర్‌లోనే ఉంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ డేటాను తెరిచే దారి ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌కు ఇది అవసరమా అన్నది ఆలోచించి పెట్టాలి.

చివరి బటన్ నొక్కేముందు...

మాన్యువల్ విభజన తెర మీద చేసే మార్పులు చాలావరకు వెంటనే డిస్క్ మీదకు వెళ్లవు. అవి ఒక జాబితాగా ఉంటాయి. జీపార్టెడ్ అనే సాధనంలో ‘అప్లై’ నొక్కేదాకా ఏమీ జరగదు. డెబియన్ ఇన్‌స్టాలర్ చివర్లో ఏయే పార్టిషన్లు ఫార్మాట్ అవుతాయో చూపించి, మార్పులను డిస్క్ మీద రాయమంటారా అని అడుగుతుంది. ముందుగా ఎంచుకుని ఉండే జవాబు ‘వద్దు’. పాత పార్టిషన్‌ను ఇన్‌స్టాలర్‌లోనే కుదించడం ఇందుకు మినహాయింపు. ఆ మార్పు అప్పటికప్పుడే డిస్క్ మీదకు వెళ్తుంది.

విండోస్‌లో ఉండగా రాసుకున్న పార్టిషన్ల జాబితాను, తెర మీది జాబితాతో ఒక్కొక్కటిగా పోల్చాలి. ఫార్మాట్ అవుతున్నవి 6, 7, 8 మాత్రమేనా? ఆ మూడూ కొత్తగా చేసినవేనా? ఒక్క అంకె తేడాగా ఉన్నా వెనక్కి వెళ్లిపోవచ్చు. కంప్యూటర్ ఆపేసినా నష్టం లేదు.

ఈ హెచ్చరిక అర్థమయ్యే భాషలో ఉండటం కూడా ముఖ్యమే. డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు, హిందీ రెండూ ఎంచుకోవచ్చు. సీ-డాక్ 2007లో తెచ్చిన బాస్ లైనక్స్ భారతీయ భాషల కోసం రూపొందించింది. హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ సంస్థ తెలుగులో లైనక్స్ తేవడానికి పని చేసింది. కేడీఈ డెస్క్‌టాప్‌ను ఛత్తీస్‌గఢీలోకి కూడా అనువదించారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కాలేజీలో ఇంగ్లిష్ ఉన్న భిలాయ్ కుటుంబాలు తమకు బాగా వచ్చిన భాషలో ఇన్‌స్టాలేషన్ చేసుకోవచ్చు.

పొరపాటున చెరిపేస్తే?

ఇలాంటి పొరపాటు లైనక్స్ సృష్టికర్తకే జరిగింది. 1991 చివర్లో హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ తన కంప్యూటర్ నుంచి యూనివర్సిటీ కంప్యూటర్‌కు ఫోన్ లైన్ ద్వారా కలపబోయారు. మోడెమ్‌కు వెళ్లాల్సిన డయలింగ్ ఆదేశాలను పొరపాటున హార్డ్ డిస్క్‌కు పంపారు. దాంతో ఆయన వాడుతున్న మినిక్స్ పార్టిషన్ పాడైపోయింది. మినిక్స్‌ను మళ్లీ వేసే బదులు తాను రాస్తున్న లైనక్స్‌నే పూర్తిస్థాయిలో వాడాలని ఆయన నిర్ణయించుకున్నారు. లైనక్స్‌కు అది కలిసొచ్చింది. ఇంటి ఫొటోల విషయంలో అలా కలిసిరాదు.

పార్టిషన్ టేబుల్ మాత్రమే చెరిగితే డేటా ఇంకా డిస్క్ మీదే ఉంటుంది. పోయింది హద్దుల పట్టికే. వెంటనే కంప్యూటర్ ఆపి, ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా, పెన్‌డ్రైవ్ నుంచి టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాధనం నడిపితే పాత హద్దులను వెతికి పట్టుకునే అవకాశం ఉంది.

ఫార్మాట్ చేసి, కొత్త సిస్టమ్ ఇన్‌స్టాల్ కూడా అయితే అవకాశం బాగా తగ్గుతుంది. పాత ఫైళ్ల మీద కొత్తవి రాసి ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ అయితే పరిస్థితి ఇంకా కష్టం. ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసే సాధనం ‘ఈ భాగంలో ఏమీ లేదు’ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పేస్తుంది. డ్రైవ్ ఆ పాత సమాచారాన్ని తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది. కొద్దిసేపటికే వెతకడానికి అక్కడ ఏమీ మిగలదు.

లైనక్స్ ఉచితం. ఇన్‌స్టాలేషన్ చెడితే ఎన్నిసార్లైనా మళ్లీ వేసుకోవచ్చు. ఒకే కాపీ ఉన్న పెళ్లి ఫొటోకు, ఆ సర్వీసు పత్రానికి మాత్రం రెండో అవకాశం ఉండదు. కాబట్టి పని మొదలుపెట్టేముందు చేతిలో రెండు ఉండాలి: తెరిచి సరిచూసుకున్న బ్యాకప్ ఒకటి, ఏ పార్టిషన్‌లో ఏముందో రాసుకున్న కాగితం ఒకటి.